ఇరాన్‌తో నాలుగు మ్యాచులు

"మామా, మనోళ్ళు ఒక్కసారన్నా ఫుట్‌బాల్ వరల్డ్‌కప్‌కి క్వాలిఫై అయిండ్రా?"

మా అక్క కొడుకు ఈ ప్రశ్న అడిగింది 2025 నవంబర్ 30, ఆదివారం రాత్రి. బహదూర్‌పల్లిలో ఒక టర్ఫ్ గ్రౌండ్ బయట, బైకు సీటు మీద ఫోన్ ఆనించి పెట్టుకుని ఇద్దరం మ్యాచ్ చూస్తున్నాం. అహ్మదాబాద్‌లో ఇండియా, ఇరాన్ ఆడుతున్నాయి. పెద్దవాళ్ళ జట్లు కావు, పదహారు పదిహేడేళ్ళ లోపు పిల్లలు. అండర్-17 ఆసియా కప్‌కి క్వాలిఫయర్స్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తేనే ముందుకు, డ్రా అయినా ఇంటికే.

ఇటువైపు రానివాళ్ళ కోసం ఒక్క మాట. బహదూర్‌పల్లి కొంపల్లి నుంచి దుండిగల్ వెళ్ళే దారిలో ఉంటుంది. ఒకవైపు ఐటీ క్యాంపస్, దాని పక్కనే యూనివర్సిటీ, ఇంకొంచెం ముందుకెళ్తే వైమానిక దళం అకాడమీ. పొద్దున్నే శిక్షణ విమానాల చప్పుడు, సాయంత్రం ఆఫీసు బస్సుల హారన్లు. ఖాళీగా ఉన్న ప్లాట్లలో ఒకటి రెండిట్లో వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, ఫ్లడ్‌లైట్లు పెట్టి గంటల లెక్కన అద్దెకిస్తారు. వారానికోసారి మా ఆఫీసువాళ్ళం ఆడతాం. ఆడతాం అనడం కంటే ఆయాసపడతాం అనడం న్యాయం. మావాడు మాత్రం నిజంగానే ఆడతాడు. వాడికి ఎడమ కాలు బాగా నడుస్తుంది.

వాడి ప్రశ్నకి "లేదురా" అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అది నిజం కాదు. "అయ్యాం" అన్నా నిజం కాదు. ఆ రాత్రి సగం సగం చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త కుదురుగా రాయాలని ప్రయత్నం. రాస్తూ పోతుంటే ఒక విషయం కనిపించింది. ఈ కథలో ముఖ్యమైన మలుపులన్నిటి దగ్గరా ఎదురుగా ఇరాన్ ఉంది. మలుపు మలుపుకీ హైదరాబాద్ వాటా తగ్గుతూ వచ్చింది.

1951, ఢిల్లీ

ముందు ఒక ఏడాది వెనక్కి వెళ్ళాలి. 1950లో బ్రెజిల్‌లో జరిగిన వరల్డ్‌కప్‌కి ఇండియా నిజంగానే క్వాలిఫై అయింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా. మన గ్రూపులో ఉన్న బర్మా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ మూడూ తప్పుకున్నాయి, చోటు మనకొచ్చింది. ఆ వచ్చిన చోటుకి మనమూ వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నందుకే మానుకున్నారని ఒక కథ ఊరంతా తిరుగుతుంది, వినడానికి బావుంటుంది కూడా. అసలు సంగతి అంతకన్నా చప్పగా ఉంటుంది. అప్పటి మన ఫుట్‌బాల్ పెద్దలకి వరల్డ్‌కప్ అంత పెద్ద విషయంగా అనిపించలేదు. వాళ్ళ లెక్కలో ఒలింపిక్సే అన్నిటికన్నా పైన.

మరుసటి ఏడాది మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్. ఫుట్‌బాల్‌కి వచ్చినవి ఆరే జట్లు. క్వాలిఫయర్స్ లాంటివేమీ లేవు, వచ్చినవాళ్ళంతా ఆడారు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0 తో గెలిచాం. గోల్ మేవాలాల్‌ది. కోచ్ మాత్రం మనవాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో ఆయన దగ్గర తయారైన హైదరాబాద్ పోలీస్ ఆటగాళ్ళూ ఉన్నారు.

రహీం మీద 2024లో హిందీ సినిమా వచ్చాక ఆయన పేరు మా తరానికి తెలిసింది. సినిమాలో ఆయన ఎక్కువగా డ్రెస్సింగ్ రూముల్లో మాట్లాడతాడు. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది ఆయన ఉద్యోగం. ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పినవాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాక ఆయన చేసిన పనులు కూడా పంతులు పనులే. ఒక టోర్నమెంట్ పెట్టాడు, అందులో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకొకటి పెట్టాడు, అందులో ఎవరికి ఏ కాలు అలవాటు లేదో ఆ కాలితోనే ఆడాలి. అంటే హోంవర్కునే పోటీగా మార్చి పిల్లల చేత ఇష్టంగా చేయించాడన్నమాట.

ఫలితం అంకెల్లో ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం... ఇవన్నీ ఒక్క ఊరి పేర్లు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి అఫ్గానిస్తాన్‌నీ ఇండోనేసియానీ ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి మరీ వెళ్ళాం. అక్కడ హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు బలరాం.

బలరాం పుట్టింది అమ్ముగూడలో, మా బహదూర్‌పల్లి లాగే ఊరికి ఉత్తరాన ఉన్న శివారు. అక్కడి నుంచి ప్రాక్టీసుకి రోజూ రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే, అద్దె సైకిలు ఖర్చు రహీమే ఇచ్చాడని చెబుతారు. బలరాం కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఈ సైకిలే. ఒలింపిక్స్ దాకా వెళ్ళిన దారిలో మొదటి పది మైళ్ళు ఎవరో ఒకరు అద్దె కడితేనే కదిలాయి.

1974, బాంకాక్

రహీం 1962లో జకార్తాలో రెండోసారి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే కాన్సర్. 1963 జూన్‌లో పోయాడు. ఆయనతోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయిందని తేల్చేసి చరిత్రని అక్కడితో మూసేయడం మనకి అలవాటు. కానీ ఇంకో పదేళ్ళకు పైగా ఈ ఊరి నుంచి ఆటగాళ్ళు వస్తూనే ఉన్నారు. 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. ఆ జట్టులోనే మహమ్మద్ హబీబ్ ఉన్నాడు.

పిల్లల ఆట సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ 1959లో కౌలాలంపూర్‌లో పుట్టింది. అప్పటి మలయా ప్రధాని టుంకూ అబ్దుల్ రహ్మాన్‌కి ఫుట్‌బాల్ పిచ్చి, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకి అధ్యక్షుడు కూడా ఆయనే. యువకులకి ఒక పోటీ ఉండాలని ఆయన సంకల్పం. ఏటా జరిగేది.

1974 ఏప్రిల్‌లో అది బాంకాక్‌లో జరిగింది. ఇండియా జట్టు కోచ్ అరుణ్ ఘోష్, 1962లో రహీం చేతికింద జకార్తాలో ఆడినవాడు. కెప్టెన్ షబ్బీర్ అలీ, హైదరాబాద్ కుర్రాడు, పద్దెనిమిదేళ్ళు. అంటే కోచ్ రహీం శిష్యుడు, కెప్టెన్ రహీం ఊరివాడు. ఏప్రిల్ 30న ఫైనల్. ఎదురుగా మళ్ళీ ఇరాన్. స్కోరు 2-2. పెనాల్టీలతో తేల్చే పద్ధతి పెట్టలేదు, కప్పు ఇద్దరికీ అన్నారు. మన రెండు గోల్స్‌లో ఒకటి షబ్బీర్‌ది.

ఆ కప్పు ఇండియా గెలవడం అదే మొదటిసారి, ఇప్పటివరకు అదే ఆఖరిసారి. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, హైదరాబాద్‌లోనే ఇంజనీరింగ్ చేసిన నాకు ఈ సంగతి ముప్పై దాటేదాకా తెలియదు. 1983 కపిల్‌దేవ్ సంగతి మాత్రం నేను పుట్టకముందుదైనా బంతి బంతీ తెలుసు.

ఇప్పుడు మావాడి ప్రశ్న దగ్గరికొద్దాం. ఈరోజు ఆసియా యూత్ కప్‌లో సెమీఫైనల్ చేరితే చాలు, ఫిఫా అండర్-20 వరల్డ్‌కప్‌కి టికెట్ దొరుకుతుంది. 1974లో మనవాళ్ళు గెలిచింది కప్పునే. మరి వాళ్ళు ఏ వరల్డ్‌కప్‌కి క్వాలిఫై అయినట్టు?

దేనికీ కాదు. ఎందుకంటే అది ఇంకా పుట్టలేదు. ఫిఫా మొదటి ప్రపంచ యూత్ టోర్నమెంట్ 1977లో, ట్యునీసియాలో జరిగింది. షబ్బీర్ జట్టు ఆసియాకే ఛాంపియన్‌గా నిలిచి తలుపు దగ్గరికి మూడేళ్ళు ముందుగా వచ్చేసింది. తట్టడానికి అక్కడ తలుపే లేదు.

సరే, అది దురదృష్టం అనుకుందాం. ఆ తర్వాత జరిగింది మాత్రం దురదృష్టం కాదు. పద్దెనిమిదేళ్ళ ఆటగాడికి ఇరవై రెండు, ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి ఆట పండుతుంది. షబ్బీర్ తరానికి ఆ వయసులు వచ్చింది 1978లో, 1982లో. రెండూ వరల్డ్‌కప్ సంవత్సరాలు. ఆ రెండిటి క్వాలిఫయర్స్‌లోనూ ఇండియా లేదు. ఓడిపోలేదు. అసలు పేరే ఇవ్వలేదు. వరల్డ్‌కప్ క్వాలిఫయర్స్‌లో ఇండియా నిజంగా దిగి ఆడింది 1985లో, 1986 కప్ కోసం.

ఇరాన్ ఏం చేసింది? అదే 1974లో టెహ్రాన్‌లో ఏషియన్ గేమ్స్ గెలిచింది. ఆసియా యూత్ కప్పుని 1975లో, 1976లో కూడా ఇంకొకరితో పంచుకుంది. 1978లో అర్జెంటీనాలో వరల్డ్‌కప్ ఆడి స్కాట్లాండ్‌తో 1-1 డ్రా చేసుకుంది. బాంకాక్‌లో ఒకే కప్పుకి చెరో చెవి పట్టుకున్న రెండు దేశాల్లో ఒకటి నాలుగేళ్ళకి అక్కడికి చేరింది. రెండోది ఫారం నింపలేదు.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి ఇది నాకు ఇంకోలా కనిపిస్తుంది. టెస్ట్‌లో ఫెయిలయితే ఎర్రగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కడ పోయిందో వెతుకుతారు. అసలు టెస్టే నడపకపోతే తెర మీద ఏ ఎరుపూ ఉండదు. అంతా బానే ఉన్నట్టుంటుంది. 1970లలో మన ఫుట్‌బాల్‌కి జరిగింది ఇదే. ఓటమి నమోదు కాలేదు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు.

షబ్బీర్ బొంబాయికీ, ఆ తర్వాత కలకత్తాకీ వెళ్ళాడు. ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్‌లకి ఆడాడు. అంతకుముందు బలరాం, హబీబ్, అక్బర్, నయీం వెళ్ళిన దారే అది. ఆటనీ జీతాన్నీ ఒక్కచోట ఇచ్చే ఊరు అదే మరి. ఇక్కడ బార్కాస్ మైదానాల్లో, సికింద్రాబాద్ జింఖానాలో, ఫతే మైదాన్‌లో తయారైన కాళ్ళు అక్కడ ఆడాయి. 2011లో షబ్బీర్ అలీకి ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ పురస్కారం రావడం అదే మొదలు.

2018, మలేషియా

మధ్యలో నలభై నాలుగేళ్ళు. ఈ మధ్యలో పిల్లల ఫుట్‌బాల్ చాలా మారింది. 1985లో ఫిఫా ఇంకా చిన్నవాళ్ళకి, అంటే పదహారేళ్ళ లోపు వాళ్ళకి, ఒక టోర్నమెంట్ పెట్టింది. తర్వాత అదే అండర్-17 అయింది. ఆసియాలో దానికి క్వాలిఫయర్స్, ఆ క్వాలిఫయర్స్ గెలిస్తే ఆసియా కప్, అక్కడ పైన నిలిస్తే ప్రపంచ కప్. మెట్ల మీద మెట్లు. ఇండియాకి చాలాకాలం మొదటి మెట్టు దగ్గరే కాళ్ళు నొప్పెట్టాయి.

2017లో తలుపు వేరే పక్కనుంచి తెరుచుకుంది. అండర్-17 వరల్డ్‌కప్‌ని ఇండియానే నిర్వహించింది. ఆతిథ్య దేశానికి క్వాలిఫయర్స్ ఉండవు. పురుషుల్లోగానీ స్త్రీలలోగానీ, పెద్దల్లోగానీ పిల్లల్లోగానీ, ఒక ఫిఫా టోర్నమెంట్‌లో ఇండియా ఆడటం అదే మొదటిసారి. అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్ మన మొదటి వరల్డ్‌కప్ గోల్. స్టేడియాలకి మొత్తం 13 లక్షల 47 వేల మంది వచ్చారు, అప్పటికి ఆ టోర్నమెంట్ చరిత్రలోనే అది రికార్డు.

ఢిల్లీ, కలకత్తా, కొచ్చి, గోవా, గువాహటి, నవీ ముంబై: ఆరు వేదికలు. హైదరాబాద్ లేదు. ఇరవై ఒక్క మంది జట్టులో ఎనిమిది మంది ఒక్క మణిపూర్ నుంచే. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. రహీం అన్న పేరు మాత్రం జట్టులో ఉంది. రహీం అలీ, బెంగాల్ కుర్రాడు.

మన భాషలో క్వాలిఫై అవడానికి "అర్హత సాధించడం" అంటాం. పేపర్లలో రోజూ చూసే మాటే, ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. అర్హత ఉండటం వేరు, దాన్ని సాధించడం వేరు. 1974 జట్టుకి అర్హత ఉంది, సాధించడానికి చోటు లేదు. 2017 జట్టుకి చోటు దొరికింది, అర్హత పరీక్ష మాఫీ అయింది. పిల్లల్ని తక్కువ చేసి అనడం కాదు, వాళ్ళు శక్తికి మించే ఆడారు. కానీ దారిలో ఆడాల్సిన మ్యాచులు ఆడకుండా నేరుగా గమ్యంలో దింపితే ఏమవుతుందో ఆ తొమ్మిది గోల్స్ చెప్పాయి.

దాని తర్వాత ఏడాది, మలేషియాలో అండర్-16 ఆసియా కప్. బిబియానో ఫెర్నాండెజ్ కోచ్. ఈ జట్టు మామూలు దారిలో, క్వాలిఫయర్స్ గెలిచి వచ్చింది. వియత్నాం మీద 1-0, ఇండోనేసియాతో 0-0. మధ్యలో ఇరాన్. ఆ మ్యాచ్‌లో ఇరాన్‌కి పెనాల్టీ దొరికింది, గోల్‌కీపర్ నీరజ్ కుమార్ ఆపాడు. 0-0. గ్రూపులో మూడు మ్యాచులు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

క్వార్టర్ ఫైనల్ అక్టోబర్ 1న దక్షిణ కొరియాతో. అది గెలిస్తే సెమీస్, సెమీస్ చేరితే 2019 అండర్-17 వరల్డ్‌కప్. ఆతిథ్యం కాదు, దయ కాదు, సాధించిన చోటు. రెండో సగంలో ఒక్క గోల్ పడింది. 0-1. ఒక దేశం తన చరిత్రలో మొదటిసారి మైదానంలో గెలిచి వరల్డ్‌కప్‌కి వెళ్ళడానికి ఎంత దూరంలో ఆగిపోయిందో కొలిస్తే, దూరం ఒక గోల్. నేను ఆ రాత్రి ఒక రిలీజ్ పనిలో ఉన్నాను, స్కోరు మాత్రమే చూశాను. పక్కసీటు అతనికి చెబితే "ఏ సిరీస్?" అన్నాడు.

2025, అహ్మదాబాద్

నవంబర్ 30 దగ్గరికి వచ్చేముందు క్వాలిఫయర్స్ ఎంత చిత్రంగా ఉంటాయో ఒకటి చెప్పాలి. 2022లో ఇండియా అండర్-17 జట్టు తన గ్రూపులో రెండో స్థానంలో నిలిచింది. అయినా మంచి రెండో స్థానాల్లో ఒకటిగా లెక్కతేలి ఆసియా కప్‌కి వెళ్ళింది. 2024 అక్టోబర్‌లో థాయ్‌లాండ్‌లో మళ్ళీ క్వాలిఫయర్స్. బ్రూనై మీద 13-0. అవును, పదమూడు. తుర్క్‌మెనిస్తాన్ మీద 1-0. ఆఖరి మ్యాచ్ థాయ్‌లాండ్‌తో 2-3. మళ్ళీ రెండో స్థానమే. ఈసారి చాల్లేదు. పదమూడు గోల్స్ ఒకే రోజు కొట్టిన జట్టు ఒక్క గోల్ తేడాతో ఇంటికొచ్చింది. బలహీనుల మీద చూపించిన బలానికి లెక్క లేదు, సమానుల ముందు నిలబడటానికే లెక్క. ఈ మాట ఫుట్‌బాల్ గురించి మాత్రమేనా అని ఆ మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో కూడా ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇక ఆ ఆదివారం. అహ్మదాబాద్‌లో తొమ్మిది రోజుల్లో నాలుగు మ్యాచులు. పాలస్తీనాతో డ్రా, చైనీస్ తైపీ మీద గెలుపు, లెబనాన్ చేతిలో ఓటమి. మిగిలింది ఇరాన్. గ్రూపులో పైన నిలిచినవాళ్ళొక్కరే ఆసియా కప్‌కి వెళ్తారు. కోచ్ మళ్ళీ బిబియానోనే.

మొదట ఇరానే గోల్ కొట్టింది. మావాడు ఫోన్ బోర్లా పెట్టేశాడు. "అయిపాయె మామా" అన్నాడు. నేను మళ్ళీ తిప్పాను. హాఫ్‌టైమ్ ముందు పెనాల్టీ, దల్లాల్‌మువోన్ గాంగ్టే గోల్. 1-1. హాఫ్‌టైమ్ అయిన కాసేపటికే గున్‌లైబా ఇంకొకటి. 2-1. మిగిలిన దాదాపు నలభై నిమిషాలు మావాడు సీటు మీద కూర్చోలేదు. లోపల టర్ఫ్ మీద ఎవరిదో బర్త్‌డే పార్టీ క్రికెట్, ప్రతి సిక్సర్‌కీ కేకలు. బయట మేమిద్దరం, ఒక ఫోన్, అయిదున్నర అంగుళాల ఇండియా.

గెలిచాం. వరల్డ్‌కప్‌కి కాదు, ఆసియా కప్‌కి. మొదటి మెట్టు. కానీ ఎవరూ తప్పుకోలేదు, ఎవరూ పంచలేదు, ఎవరూ మాఫీ చెయ్యలేదు. నాలుగు మ్యాచులు ఆడి, ఒకటి ఓడి, ఆఖరిది గెలిచి తీసుకున్న చోటు.

అదే ఏడాది జూలైలో ఇండియా మహిళల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి, క్వాలిఫయర్స్ ద్వారా మొదటిసారి ఆసియా కప్‌కి వెళ్ళింది. ఆ జట్టులో గుగులోతు సౌమ్య ఉంది, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. ఈ వ్యాసంలో హైదరాబాద్ వాటా తగ్గిందని రాస్తూ వచ్చాను కదా, తెలంగాణ వాటా సున్నా అని మాత్రం ఎవరూ అనుకోకూడదు. అది ఎప్పుడూ మనం చూడని దిక్కు నుంచి వస్తుంది.

మరి మన ఊరు?

హైదరాబాద్ ఎందుకు తప్పుకుంది? ఆసక్తి పోయిందంటారు, క్రికెట్ మింగేసిందంటారు. క్రికెట్ కలకత్తాలోనూ ఉంది, కేరళలోనూ ఉంది. నాకు అర్థమైనంతలో తేడా వేరేచోట ఉంది. రహీం కాలంలో ఒక పిల్లవాడు బడి జట్టులో ఆడేవాడు, తర్వాత బస్తీ క్లబ్బుకి, తర్వాత పోలీసుకో ఇంకో ఆఫీసు జట్టుకో. ఏడాది పొడుగునా లీగు ఉండేది. పోలీసు ఉద్యోగం ఫుట్‌బాల్‌కి జీతం. ఇరాన్ ముందు నిలబడే రోజుకి ఆ కుర్రాడు చిన్నా పెద్దా వందల మ్యాచులు ఆడేసి ఉండేవాడు. ఆ మ్యాచుల్లో ఒక్కటీ చరిత్రలోకి రాలేదు. బాంకాక్ ఫైనల్ మాత్రం వచ్చింది.

ఇప్పుడు మనకి పైకప్పు ఉంది, గోడలే లేవు. ఐఎస్‌ఎల్‌లో హైదరాబాద్ జట్టు 2022 మార్చిలో కప్పు గెలిచింది. 2025లో ఆ జట్టు ఊరు మారి, పేరు మారి ఢిల్లీ వెళ్ళిపోయింది. శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో రెండేళ్ళు వరసగా రెండో స్థానంలో నిలిచింది, దాని గురించి మా ఆఫీసులో మాట్లాడినవాళ్ళు లేరు. జట్టుని కొనుక్కోవచ్చు, మార్చుకోవచ్చు. లీగుని పెంచాలి. గంట అద్దె టర్ఫ్ మీద పెరగదు అది. గంట అయ్యాక లైట్లు ఆరిపోతాయి.

ఇందులో నా వాటా గురించి కూడా చెప్పాలి. కిందటి ఏడాది మావాణ్ణి ఒక అకాడమీ ట్రయల్స్‌కి తీసుకెళ్ళాను. ఆట చూసి రెండో రోజుకి రమ్మన్నారు. రెండో రోజు కాగితాల దగ్గర ఆగిపోయింది. బర్త్ సర్టిఫికెట్‌లో 2012 జనవరి. బడి రికార్డులో, ఆధార్‌లో 2011 జూన్. వాడిని ఒక ఏడాది ముందే బడిలో వేయాలని మా బావ తొందరపడితే, "ఏమవుతుంది, జూన్ వేయించేయ్" అని సలహా ఇచ్చింది నేనే. మా ఇంట్లో అది కొత్త కాదు. మా ఊరి బడి రిజిస్టరు చూస్తే సగం మందిమి జూన్‌లోనే పుట్టాం. నా పుట్టినరోజూ అంతే, ఆఫీసులో కేకు కోసే రోజు ఒకటి, అమ్మ పాయసం చేసే రోజు ఇంకొకటి.

పిల్లల ఫుట్‌బాల్ మొత్తం జనవరి 1 చుట్టూ తిరుగుతుందని అప్పుడు నాకు తెలియదు. 2026 అండర్-17కి 2009 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళే అర్హులు. ఆ గీతకి ఇవతల, జనవరి ఫిబ్రవరుల్లో పుట్టినవాళ్ళు తమ జట్టులో అందరికన్నా పెద్దవాళ్ళు. ఆ వయసులో పది నెలలంటే రెండంగుళాల ఎత్తు. ప్రపంచమంతటా పిల్లల జట్లలో సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువ కనిపించేది అందుకే. వయసు దాచేవాళ్ళని పట్టుకోవడానికి 2009 అండర్-17 వరల్డ్‌కప్ నుంచి ఫిఫా మణికట్టుకి ఎంఆర్‌ఐ తీయిస్తోంది. అందరూ వయసు తగ్గించి మోసం చేస్తారు. మేం పెంచి మోసపోయాం. దేవుడు వాడికి జనవరి ఇస్తే, నేను తీసుకెళ్ళి ముందు ఏడాది జూన్‌లో పడేశాను. ఎముకకి వాడి అసలు వయసు తెలుసు. కాగితానికే తెలియదు. ఆ అకాడమీవాళ్ళని తప్పు పట్టను, రెండు తేదీలున్న పిల్లవాణ్ణి ఏ జట్టులో రాసుకుంటారు?

1978లో ఎవరో ఫారం నింపలేదని పైన అంత కోపంగా రాశాను కదా. ఆ కోపంలో కొంత నా మీదే. పెద్దవాళ్ళు ఒక కాగితాన్ని తేలిగ్గా తీసుకుంటే, దాని ఖరీదు పిల్లలు చాలా ఏళ్ళ తర్వాత, సరిగ్గా ఆట వచ్చిన వయసులో కడతారు. బలరాం దగ్గర సైకిలుకి డబ్బుల్లేవు, రహీం ఇచ్చాడు. మావాడి దగ్గర సైకిలుంది, బూట్లున్నాయి, ఎడమ కాలుంది. లేనిది ఒక తేదీ.

ఆ ఆదివారం రాత్రి మ్యాచ్ అయ్యాక బైకు స్టార్ట్ చేస్తుంటే మళ్ళీ అడిగాడు. "నువ్వు చెప్పలే మామా. అయిండ్రా, కాలేదా?"

"ఒకసారి ఆడకుండానే అయినం. ఒకసారి గెలిచి కూడా కాలే. ఇంకోసారి అడగకుండనే పిలిచిన్రు," అన్నాను.

"అంటే కాలేదన్నట్టే."

"ఆ."

కాసేపు ఏం మాట్లాడలేదు. గండిమైసమ్మ వైపు నుంచి లారీలు వస్తున్నాయి. కొంపల్లి దగ్గరికొచ్చాక వెనక నుంచి భుజం తట్టి, "షబ్బీర్ అలీ ఏ గ్రౌండ్ల ఆడేది?" అన్నాడు. ఫతే మైదాన్ అన్నాను, ఒకరోజు చూపిస్తానన్నాను.

ముందు ఇంకో పని ఉంది. అక్కా నేనూ కూర్చుని బడి రికార్డులో తేదీ మార్పించడానికి కావలసిన కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టాం: ఆస్పత్రి డిశ్చార్జి చీటీ, మునిసిపాలిటీ సర్టిఫికెట్, అఫిడవిట్. దరఖాస్తు వాడి చేతే నింపించాను. పుట్టిన తేదీ గడి దగ్గర పెన్ను ఆపి నా మొహం వైపు చూశాడు.

"అసలుది రాయి," అన్నాను.